పాడె సుడి

"తాకద్దు మే. ఇప్పుడు దాన్ని తాకద్దు," అన్నాడు చిన్నబ్బ.

పంకజాక్షి చాచిన చెయ్యి అట్లాగే గాలిలో ఆగిపోయింది.

ఉలవడు కొట్టం మూలకు ఒదిగి, రాతిగోడకు ఒళ్ళు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఉలవల రంగు ఒళ్ళంతా చెమటకు నల్లబడింది. నాలుగేండ్లుగా వీధి మలుపులో ఆమె అడుగుల చప్పుడు వినపడితే చాలు, సకిలించే గుర్రం. ఇప్పుడు ఆమె ఎదురుగా నిలబడితే చెవులు వెనక్కి పడేసి పళ్ళు చూపించాడు.

వీపు మీద, మూపుకు జానెడు వెనక, అరచెయ్యంత మేర వెంట్రుక లేదు. ఎర్రటి పుండు. దాని మీద ఆముదంలో కలిపిన పసుపు. కొట్టం నిండా కాలిన వెంట్రుకల కంపు.

"ఏం సేసినావు మామా?"

"వాత పెట్టినా."

"యాడ?"

"సూస్తానే ఉండావు కదా."

"నీ నోటితో సెప్పు. యాడ పెట్టినావు?"

చిన్నబ్బ బకెట్లో ముంచిన కొడవలిని బయటికి తీసి, మళ్ళీ ముంచాడు. "సుడి మీద," అన్నాడు.

పంకజాక్షి చంకలోని సంచి కింద పెట్టింది. అందులో కొత్తగా కుట్టించిన జీను పట్టీ ఉంది. తెల్లారి మొదటి బస్సుకు తిరుపతికి పోయి, తోళ్ళ అంగడి తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుని, పట్టీ కుట్టించుకుని పదిగంటలకంతా చంద్రగిరికి తిరిగి వచ్చింది. ఈ నాలుగు గంటల్లోనే ఇంత పని జరిగిపోయింది.

రేపు పెరటాసి నెల మూడో శనివారం. కొండకు పోయే జనం రైళ్ళు దిగి, తిరుపతి స్టేషన్ ముందు జట్కాల స్టాండులో ఇసక వేస్తే రాలనట్టు ఉంటారు. రేపు పొద్దున ఉలవడి మీద జీను వేసి, తనే ఎక్కి, తిరుపతి దాకా స్వారీ చేసి ఆ స్టాండులోనే దిగాలని ఆమె పట్టు. గుర్రాల సుడులు చూడడంలో పేరున్న బాలసుబ్రమణ్యం అనే పెద్దాయన గుడియాత్తం నుంచి రేపు అక్కడికి వస్తానని కార్డు రాశాడు. ఆయన పదిమందిలో ఉలవడి వీపు చూసి, నాలుగేండ్ల కిందట చౌడప్ప చెప్పింది అబద్ధం అనాలి. చౌడప్ప అక్కడే నిలబడి అది వినాలి. ఆమెకు కావలసింది అంతే. ఆ ఒక్క దినం కోసమే ఇన్నాళ్ళూ బతికింది అన్నా తప్పు లేదు.

"అది పాడె సుడి అని నువ్వు కూడా నమ్మినావా మామా?"

"నమ్మేదీ నమ్మకపోయేదీ కాదు మే. కాలిస్తే దోషం పోతాది అంటారు. ఆవులకి, ఎద్దులకి మనోళ్ళు సెయ్యరా? రేపట్నుంచి ఈ ఇంటికి నలుగురు వస్తారు, పోతారు అనుకున్నా."

"దోషం పోలేదు మామా. సాక్ష్యం పోయింది."

చిన్నబ్బ తల దించుకున్నాడు. వరసకు మేనమామ, పెళ్ళి చేసుకుని ఈ ఇంటికే ఇల్లటం వచ్చిన మనిషి. గట్టిగా మాట్లాడడం ఆయనకు చేతకాదు. చేతకాని మనిషి చేసిన పని కాబట్టే ఆమెకు మరింత మండిపోయింది.

"మా నాయన మీద పడిన మాట కడిగేదానికి నా కాడ ఉండింది అర్ధరూపాయంత తావు. ఒకటే తావు. దాన్ని కొడవలితో కాల్చి ఆముదం పూసినావు."

"నొప్పి తెలీకుండా పూసినా."

"ఎవురికి?"



ఎమర్జెన్సీ వచ్చిన ఏడాది పుట్టాడు ఉలవడు. పుట్టిన అయిదో దినం, పంకజాక్షి నాయన, జట్కా తోలే మునిరామయ్య, తల్లిగుర్రం వెంట పిల్లను కూడా నడిపించుకుని స్టాండుకు పోయాడు. సాటి బండివాడు చౌడప్ప ఆ పిల్ల వీపు మీద చెయ్యి పెట్టి, రైలు దిగిన జనం ముందర, బండ్లవాళ్ళందరి ముందర గొంతెత్తి చెప్పాడు: ఇది పాడె సుడి. వెన్నుపూసకు అటొకటి ఇటొకటి, పాడెకు కట్టే రెండు వెదుళ్ళ మాదిరి రెండు సుడులు. ఇది ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో పాడె లేస్తుంది.

తొమ్మిదో దినం తల్లిగుర్రం చచ్చిపోయింది. ఇంక ఎవరూ ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. స్టాండులో మునిరామయ్య అద్దె గుర్రం కట్టుకుని నిలబడినా, "పాడె సుడి ఇంటి బండి ఇదేనా?" అని అడిగి జనం పక్క బండి ఎక్కేవాళ్ళు. తోటి బండ్లవాళ్ళు ఆయన్ను వరసలో చివరికి, ఆ తర్వాత వరస బయటికి నెట్టారు. మూడో నెలలో మంచం పట్టినవాడు మళ్ళీ లేవలేదు. సుడి ముందు తల్లిని తినింది, ఆ పైన మనిషిని తినింది అని ఊరంతా లెక్క సరిచూసుకుంది.

పాడె లేచేటప్పుడు పంకజాక్షి ఏడవలేదు. కొట్టంలో ఆకలికి అరుస్తున్న పిల్ల దగ్గరికి పోయి, మేకపాల చట్టి నోటి ముందర పెట్టింది.

ప్రేమతో పెంచిందని ఊళ్ళో కొందరు అనుకున్నారు. మొదట పెంచింది పగతో. ఆరు నెలలకు మెడకు తాడు, తలకు నూలు ముఖతాడు. ఏడాదికి లారీల హారన్లు అలవాటు కావాలని పాకాల రోడ్డు అంచున రోజూ రెండు మైళ్ళు నడక. రెండేండ్లకు వీపు మీద తడి గోనె, అది అలవాటైనాక తవుడు మూట, ఆ తర్వాత ఇసక మూట. కళ్ళెం ఇనుముకు బెల్లం పూసి, తానే కొరుక్కునేటట్టు చేసింది. మూడేండ్లు నిండినాక ఒక తెల్లవారుజామున, వీపు మీద అడ్డంగా బోర్లా పడుకుని, వాడి ఊపిరి నెమ్మదించేదాకా కదలకుండా ఉంది. నెల తరువాత కాలు అవతలికి వేసి కూర్చుంది. ఆడది గుర్రం ఎక్కిందని కోట దావలో జనం గుంపులుగా నిలబడి నవ్వారు. నవ్వనిచ్చింది.

ప్రతి దినమూ ఆ వీపు తోమేటప్పుడు ఆ సుడిని చూసేది. ఒకటే సుడి. కుడికి తిరిగింది. రెండు కాదు.

"కాల్చమని ఎవురు సెప్పినారు?" అంది ఇప్పుడు.

"ఎవురూ సెప్పలేదు."

"మామా. నీకు ఇట్లాంటి తలంపులు సొంతంగా రావు."

చిన్నబ్బ గొంతు సవరించుకున్నాడు. "చౌడప్ప సెప్పినాడు. మొన్న కాఫీ క్లబ్బులో పక్కన వచ్చి కూర్చున్నాడు. సుడి కాల్చేయి చిన్నబ్బా, దోషం పోయిందని నేనే స్టాండులో సెప్తా అన్నాడు."

వసారాలో గంగులమ్మ ఉలవలు చెరుగుతోంది. కూతురు వచ్చినప్పటి నుంచీ ఆమె తల ఎత్తలేదు. చేట చప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగింది.

"కొడవలి ఎర్రగా కాలాలంటే ఒకరు నిప్పులు ఊదల్ల. ఒకరు గుర్రాన్ని పట్టుకోవల్ల. నీకు ఉండేది రెండు సేతులు. ఎవురు సాయం సేసినారు?"

"నేనే సేసుకున్నా."

చేట చప్పుడు మళ్ళీ మొదలయింది.

పంకజాక్షి ఆ చప్పుడు గురించి ఆలోచించే స్థితిలో లేదు. చౌడప్ప పేరు ఒక్కటే ఆమె చెవుల్లో గింగుర్లెత్తుతోంది. "సూడు మామా," అంది నిదానంగా. "నిజం సెప్పినోడికి ఆ సుడితో ఏం పని? అది ఉంటే ఎంత, పోతే ఎంత? అబద్ధం సెప్పినోడే దాన్ని కాల్చమంటాడు. ఇన్నేండ్లకు ఆ మనిషికి భయం పట్టింది."

"యాడికి పోతా ఉండావు?"

"ఆ భయం ఎట్లుంటాదో సూసొస్తా."

*

చౌడప్ప ఇంటి ముందు ఎల్లప్ప అనే రైతు ఒక కోడెదూడను పట్టుకుని నిలబడి ఉన్నాడు. చౌడప్ప దాని నుదుటి సుడి మీద బొటనవేలు పెట్టి, కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి. చేతి వేళ్ళు మాత్రం ఇంకా సన్నగా, చురుగ్గా ఉంటాయి.

"ఎల్లప్పన్నా," అంది పంకజాక్షి వాకిట్లోకి వస్తూనే, "ఆయన ఏం సెప్పినా గట్టిగా పట్టుకోవద్దు. ఈ పొద్దు సెడ్డ సుడి ఉండాది అంటాడు, నాలుగేండ్లకు కాల్చేయి అంటాడు."

ఎల్లప్ప ఇద్దరి మొహాలూ చూశాడు. "నేను మళ్ళీ వస్తా చౌడప్పా," అని దూడను లాక్కుంటూ బయటపడ్డాడు.

"కూర్చో అమ్మా," అన్నాడు చౌడప్ప.

"నీ గడపలో కూర్చునేదానికి రాలేదు." చిన్నప్పుడు ఆమె ఈయన్ని చిన్నాయనా అని పిలిచేది. ఆ పిలుపు నాయనతోపాటే పోయింది. "మా ఇంటాయన సేత వాత పెట్టించినావంట."

"పెట్టించినా."

కాదంటాడనీ, దబాయిస్తాడనీ అనుకుని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఒప్పుకునేసరికి ఆ మాటలన్నీ పనికిరాకుండా పోయాయి.

"ఏంటికి?"

"నీ గుర్రం నీకు మిగలాలని."

పంకజాక్షి నవ్వింది. "ఎంత దయ. మా నాయన్ను కూడా అట్లనే మిగిలించినావు."

చౌడప్ప తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. వేళ్ళ సందుల్లో కూడా తుడుచుకున్నాడు. "తల్లిగుర్రం ఎవురిది, నీకు తెలుసా?"

"మాది."

"కాదు. చిత్తూరు బెల్లం మండీ షావుకారు గోవిందస్వామిది. మీ నాయన దాన్ని వాటా మీద, పాలుకు తోలినాడు. మేత మీది, బండి మీది. మొదటి పిల్ల షావుకారుది. నలుగురిలో సెయ్యేసి ఒప్పుకున్న మాట అది. ఆ గుర్రం ముసలిది, దానికి అదే మొదటి ఈత, అదే కడపటి ఈత అని మీ నాయనకు తెలుసు."

"అయితే?"

"పిల్ల పుట్టిన నాలుగో దినం మీ నాయన ఈడికి వచ్చినాడు. నువ్వు నిలబడిన తావలోనే నిలబడినాడు. ముప్పై ఏండ్లు ఒకరి గుర్రం తోలినా చౌడప్పా, ఒక్క గుర్రమన్నా నాదని తోలి సావాల అన్నాడు. పిల్లకు పాడె సుడి ఉండాదని షావుకారుకు సెప్పు, ఆయన భయస్తుడు, తన గడప తొక్కనీడు, నాకే వదిలేస్తాడు అన్నాడు. నా సెయ్యి పట్టుకున్నాడు."

వాకిట్లో కోడి ఒకటి దూడ నిలబడిన చోట గెలుకుతోంది. పంకజాక్షి దాన్నే చూస్తూ నిలబడింది.

"సచ్చినోడు లేచొచ్చి కాదనలేడు కదా," అంది చివరికి.

"నీ ఇష్టం."

"మా నాయన దొంగతనం సేసే మనిషి కాదు."

"దొంగతనం అని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఆశపడినాడు, అంతే."

ఆ మాట అన్న తీరులో ఏదో ఉంది. అబద్ధం చెప్పేవాడు అంత అలసిపోయినట్టు చెప్పడు. అది గమనించడమే పంకజాక్షికి కోపం తెప్పించింది.

"సరే. నిజమనే అనుకుందాం. ఎవురికి సెప్పమన్నాడు మా నాయన?"

"షావుకారుకు."

"ఒక్క షావుకారుకేనా?"

"ఆ."

"నువ్వు యాడ సెప్పినావు?"

చౌడప్ప దూడ పోయిన దారి వైపు తిరిగాడు.

"షావుకారు సెవిలో సెప్పమంటే స్టాండులో నిలబడి అరిసినావు. రైలు దిగినోళ్ళకు సెప్పినావు. బండ్లోళ్ళకు సెప్పినావు. సోడాలు అమ్మేవాళ్ళకు సెప్పినావు. షావుకారు ఆ దినం స్టాండులో కూడా లేడు. ఏంటికి సెప్పినావు అట్ల?"

చౌడప్ప తువ్వాలు మడత పెట్టాడు. విప్పి మళ్ళీ మడత పెట్టాడు.

లోపలి నుంచి ఆయన భార్య చంద్రకాంతమ్మ గడప దాకా వచ్చింది. "సెప్పరాదా," అంది మెల్లగా. "ఇంకా ఎన్నాళ్ళు మోస్తావు? సెప్పేయి."

"నువ్వు లోపలికి పో," అన్నాడు చౌడప్ప.

ఆమె గడప దగ్గరే నిలబడింది.

"నేనే సెప్తా వినండి," అంది పంకజాక్షి. "సుడులు సూసే చౌడప్ప అని జనం మెచ్చుకోవాల. నలుగురు నోళ్ళు తెరుసుకుని వినాల. ఆ పేరు కోసం మా నాయన సెవిలో సెప్పిన గుట్టును సంతలో పెట్టినావు. ఆయన బండి ఎవురూ ఎక్కకుండా పోతే నువ్వు సూస్తా ఉండినావు. వరసలో నీ వెనక నిలబడే మనిషి వరస బయటికి పోతా ఉంటే సూస్తా ఉండినావు. ఒక్కనాడన్నా, అది అబద్ధం అబ్బా అని అన్నావా?"

"అనలేదు."

"ఏంటికి అనలేదు?"

"అంటే గుర్రం పోతాది. మీ నాయన మాట పోతాది. సచ్చిపోయే ముందర దినం కూడా ఆయన నన్ను అడిగింది అదే. సెప్పొద్దు అని." చౌడప్ప మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "రేపు ఆ గుడియాత్తం ఆయప్ప స్టాండులో ఇది మంచి సుడి అన్నాడనుకో. సాయంత్రానికి షావుకారు మనుషులు తాడు పట్టుకుని నీ కొట్టం ముందర ఉంటారు. మీ నాయన మోసగాడు అవుతాడు. నేను అబద్ధాలకోరును అవుతా. అది కావల్నా నీకు?"

"నువ్వు అవుతావు కదా," అంది పంకజాక్షి. "నాకు అది సాలు."

చంద్రకాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పంకజాక్షి వెనక్కి తిరిగి చూడకుండా వాకిలి దాటింది. ఎప్పుడూ చేసేటట్టు ఆ గుమ్మం ముందర ఉమ్మేయాలని నోటి దాకా వచ్చింది గాని, ఈసారి ఎందుకో ఉమ్ము ఊరలేదు.

*

ఇంటికి వచ్చి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. నేరుగా కొట్టంలోకి పోయి, గుర్రానికి వీపు తిప్పి నేల మీద చతికిలబడింది.

తల్లి చచ్చిన కొత్తలో ఉలవడు ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఎదురుగా పోతే బెదిరేవాడు. అప్పుడు ఆమె ఇట్లాగే, వాడి వైపు చూడకుండా, గంటలు గంటలు నేల మీద కూర్చునేది. వాడంతట వాడే వచ్చి మెడ వాసన చూసేదాకా కదిలేది కాదు. బెదిరిన గుర్రాన్ని దారికి తేవడంలో ఆమె నేర్చుకున్న మొదటి పని అదే.

ఈరోజు చాలాసేపు పట్టింది. అన్నం వేళ దాటిపోయింది. చిన్నబ్బ రెండుసార్లు కొట్టం దాకా వచ్చి వెనక్కి పోయాడు. చివరికి వెనక గడ్డి మీద ఒక అడుగు చప్పుడు, ఆగి ఇంకొక అడుగు. వేడి ఊపిరి భుజానికి తగిలింది.

ఆమె మెల్లగా లేచి మెడ నిమిరింది. నిమరనిచ్చాడు. చెయ్యి మూపు దాకా జరిగింది. నిలబడ్డాడు. ఇంకొక బెత్తెడు జరగగానే ఒళ్ళంతా వణికించి, పక్కకు తోసుకుని పోయాడు. నాలుగేండ్ల పనిలో మొదటి రెండేండ్లు మిగిలాయి. వీపు మాత్రం పోయింది. రేపు జీను పడదు. ఎక్కడం కుదరదు.

"నడిపించుకుని పోతా," అంది పైకే.

వసారాలోకి వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. గంగులమ్మ ఉలవల్లో రాళ్ళు ఏరుతోంది. ఏరిన ఉలవల్నే మళ్ళీ ఏరుతోంది.

"అమ్మా. తల్లిగుర్రం షావుకారుదా?"

"ఎవురు సెప్పినారు నీకి?"

"అవునా కాదా?"

"అవును."

"నాయన చౌడప్ప కాడికి పోయి అబద్ధం సెప్పమని అడిగినాడా?"

గంగులమ్మ వేళ్ళు ఉలవల్లో అట్లాగే నిలిచిపోయాయి. నాలుగేండ్లు ఈ ఇంట్లో ఎవరూ అడగని మాట అది.

"అడిగినాడు," అంది.

"నీకు తెలుసు."

"తెలుసు."

"నేను చౌడప్పను తిడతా ఉంటే వింటా ఉండినావు. ఆయన గుమ్మంలో ఉమ్మేసి వచ్చి నీకు సెప్తే, నోరు మూసుకుని అన్నం పెట్టినావు."

చిన్నబ్బ స్తంభం పక్కన నిలబడి, "గమ్మునుండు పంకజా, అక్కను ఏమీ అనద్దు," అన్నాడు.

"నేనేమంటా ఉండా? అడుగుతా ఉండా. నాయన తప్పు సేసినాడు, సరే. ఆశపడినాడు. ఆయన తప్పు ఒక షావుకారు సెవి దాటి పోలేదు. దాన్ని ఊరంతా పరిసింది చౌడప్ప. మా నాయన్ను సంపింది సుడి కాదు, సుడి గురించి సెప్పిన అబద్ధం కూడా కాదు. సెప్పిన తావు. ఆ స్టాండు. ఆ నోటికి ఆ స్టాండులోనే జవాబు సెప్పల్ల."

అప్పుడే వాకిట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

పంచెకట్టు, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. నుదుట విభూది. "జట్కా మునిరామయ్యగారి ఇల్లు ఇదేనా అమ్మా? నేను బాలసుబ్రమణ్యం, గుడియాత్తం."

"రేపు కదయ్యా మీరు..." అంది పంకజాక్షి తత్తరపడి.

"రేపు అందరి ముందూ చెప్పే మాట ఈరోజు ఒంటరిగా చూసుకోవాలి అమ్మా. అది నా పద్ధతి. అందుకే తిరుపతి దాకా పోకుండా ఈడనే రైలు దిగాను."

కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగి ఆయన కొట్టంలోకి వచ్చాడు. పుండు చూడగానే మొహం మారిపోయింది.

"ఎవరమ్మా చేసింది ఇది?"

ఆయన ఒక్కొక్కరి మొహమూ చూసి, చిన్నబ్బ దగ్గర చూపు ఆపి, ఇంక అడగలేదు.

"మీరు వచ్చిన పని పోయిందయ్యా," అంది పంకజాక్షి. "కండ్లకు కనపడేదానికి ఏమీ మిగల్లేదు."

"కన్నుతో చూసేవాళ్ళకు మిగల్లేదు." పెద్దాయన గొడుగు చిన్నబ్బ చేతికిచ్చాడు. "తోలు కాలిందే గాని చుట్టూ ఉన్న వెంట్రుకకు అది పడుకునే దారి తెలుసు. తల పట్టుకో అమ్మా."

పంకజాక్షి ఉలవడి తలను రెండు చేతులతో పట్టుకుని, తన నుదురు వాడి నుదుటికి ఆనించింది. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. తోక దగ్గర మొదలుపెట్టి, నాలుగు వేళ్ళూ వెన్ను మీద ముందుకు జరుపుకుంటూ వచ్చాడు. పుండు అంచున ఆగాడు. పుండును తాకకుండా, దాని చుట్టూ ఒక్క వేలితో మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. మళ్ళీ ఎదురు దిక్కుగా ఇంకొక చుట్టు. ఉలవడి ఒళ్ళు వణుకుతోంది గాని కాళ్ళు కదలలేదు.

"ఒకటే," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "కుడికి తిరిగింది. పాడె సుడి కాదు. నలభై ఏండ్లలో ఇట్లాంటిది మూడుసార్లు చూసి ఉంటాను. ఈ సుడి ఉన్న గుర్రం ఎక్కినవాళ్ళను కింద పడేయదు అంటారు మా పక్క."

పంకజాక్షి నుదురు ఉలవడి నుదుటికి ఇంకా గట్టిగా ఆనించింది. ఏడవకూడదని పళ్ళు బిగపట్టింది.

"రేపు స్టాండులో ఇదే చెప్పాలి, అంతే కదా?"

గొడుగు పట్టుకుని నిలబడిన చిన్నబ్బ నోరు విప్పాడు. "వద్దు మే. నువ్వూ అక్కా మాట్లాడుకునింది విన్నా. గుర్రం షావుకారుది అయిపోతాది. మీ నాయన పేరు రోడ్డున పడతాది. నాలుగేండ్లు కండ్లల్లో పెట్టుకుని పెంచినావు దాన్ని. ఒక్క ముసలోడి మీద పగకు దాన్ని అప్పగిస్తావా?"

"అప్పగిస్తా."

"పంకజా."

"రేపు ఈ గుర్రం పోయినా సరే, నాయన పేరు పోయినా సరే. స్టాండులో ఆ మాట సెప్పిన మనిషి, మళ్ళీ ఆ స్టాండులో తల ఎత్తకూడదు. నాయన పాడె ముందర అనుకున్న మాట అది. సెవిలో సెప్పాల్సింది పదిమందిలో ఎవురు సెప్పినారో, వాళ్ళను పదిమందిలో నిలబెడతా."

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇంటి సంగతులు నాకు తెలియవు," అన్నాడు. "నాది మాత్రం ఒకటే మాట. చూసింది చెప్తాను, చూడనిది చెప్పను. చెప్పమంటావా, సాయంత్రం రైలుకు తిరిగి పొమ్మంటావా? ఆలోచించి చెప్పు."

"ఆలోచించేదేమీ లేదయ్యా. మీరు..."

"పంకజా."

గంగులమ్మ కొట్టం వాకిట్లో నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరూ చూడలేదు. చీర కుచ్చెళ్ళకు బూడిద అంటుకుని ఉంది.

"చౌడప్పను స్టాండులో సెప్పమన్నది నేను."

చిన్నబ్బ, "అక్కా, వద్దు," అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

"మీ నాయన సెవిలో సెప్పమనే అడిగి వచ్చినాడు. సెవిలో సెప్తే షావుకారు నమ్ముతాడా? ఇంకొకరిని పిల్సుకొచ్చి సూపిస్తాడు. అబద్ధం బయటపడితే గుర్రమూ పోతాది, మానమూ పోతాది. అదే పదిమంది నోట్లో పడితే ఆయనే భయపడి వదిలేస్తాడు. ఇదంతా నా తలలో పుట్టింది. ఆ తెల్లవారి మీ నాయన నీళ్ళు పోసుకుంటా ఉండినాడు. నేను చౌడప్ప ఇంటికి పరిగెత్తుకుని పోయి కాళ్ళు పట్టుకున్నా. స్టాండులో సెప్పప్పా, గట్టిగా సెప్పప్పా అని. వద్దమ్మా, అది మీ మీదకే వస్తాది అన్నాడాయన. నేను వినలేదు. జనం బండి ఎక్కరని నాకు తట్టలేదు."



"నాయనకు తెలుసా?" అంది పంకజాక్షి. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"తెలీదు. చౌడప్ప ద్రోహం సేసినాడనే అనుకుని సచ్చిపోయినాడు. ఆ మనిషి ఒక్కనాడు కూడా నా పేరు బయట పెట్టలేదు. నువ్వు పోయి ఆ గుమ్మంలో ఉమ్మేసినా పెట్టలేదు. ఈ పొద్దు తెల్లారి నిప్పులు ఊదింది కూడా నేనే. ఇప్పుడు నీ ఇష్టం."

పంకజాక్షి గుర్రం తల వదిలేసింది. తల్లి వైపు చాలాసేపు చూసింది. గంగులమ్మ కూడా చూపు దించలేదు. ఇద్దరి మధ్యకూ రావడానికి చిన్నబ్బ ఒక అడుగు వేసి, వేయలేక ఆగిపోయాడు.

"రైలు నాలుగున్నరకు," అన్నాడు బాలసుబ్రమణ్యం మెల్లగా. "ఉండమంటావా అమ్మా, పొమ్మంటావా?"

"ఉండండయ్యా," అంది పంకజాక్షి. "రేపు స్టాండుకు అందరమూ పోదాం."

"సుడి సంగతి చెప్పాలా?"

"సుడి సంగతి మీరు సెప్పండి." ఆమె ఇంకా తల్లి మొహమే చూస్తోంది. "మిగతాది మా అమ్మ సెప్తాది."